ఆమె చెయ్యి అందినంత మేర

మా యారాలు పోయింది. యారాలంటే తోడికోడలు. హుస్సేనీ ఆలంలోని మా ఇంటికి ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. ఆఫీసులో ఉండగా మా ఆయన ఫోన్ చేసి, "వదిన పోయింది, జల్ది రా" అన్నాడు. పొద్దున నాకు టిఫిన్ డబ్బా కట్టిచ్చిన మనిషి మధ్యాహ్నానికి లేదు. గుండె ఆగిందన్నారు. ఆటోలో వస్తూ నేను ఏడవలేదు. బహదూర్‌పురా చౌరస్తాలో ట్రాఫిక్ ఆగితే ఆటో అతని మీద గయ్యిమన్నాను. పాపం, అతనేం చేశాడు? ఏడుపు రావలసిన చోట నాకు కోపం వస్తుంది. ఈ గుణం ఆమె దగ్గర అబ్బిందే.

ముందే చెబుతున్నాను, ఇది ఆమెను దేవతను చేసే రాత కాదు. ఆ పని ఇప్పటికే చాలామంది చేసేశారు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే మాట. "ఎంత ఓపికమ్మా ఆమెకు!" "భూదేవి అనుకో!" "గిన్నేండ్లల్ల నోరు తెరిచి ఒక్క మాట అనలే." వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవలేదా? ఆమె నోరు తెరిస్తే గల్లీ చివర పాన్ డబ్బా దాకా వినపడేది! ఆమెకు ఓపిక లేదు. ఉందని ఎవరన్నా అంటే ఆమే ఒప్పుకునేది కాదు. ఆ మనిషి ఏళ్ళ తరబడి కోపంగా బతికింది, ఆ కోపానికి కారణం ఉంది. ఆ కారణం ఇప్పటికీ మా వంటింట్లో ఉన్న మూడడుగుల వెడల్పు నల్లరాయి.

మావాళ్ళది కిరాణా టోకు దుకాణం. పప్పులు, బెల్లం, ఎండు కొబ్బరి. మామగారి కాలంలో దుకాణం ముందు గిరాకీకీ సేటుకీ మధ్య ఒక కడప బండ ఉండేది. దాని మీదే తక్కెడ, దాని పక్కనే గల్లాపెట్టె. ఆ బండ వేసిన తర్వాతే వ్యాపారం లేచిందని మావాళ్ళ నమ్మకం. దాన్ని 'లక్ష్మి రాయి' అంటారు. ప్రతి దీపావళికీ గల్లాతో పాటు దానికీ పూజ. నేను కాపురానికి వచ్చిన ఏడాది దుకాణానికి అద్దాల కౌంటర్ పెట్టించారు. మరి లక్ష్మి రాయిని ఏం చేయాలి? పారేయకూడదు, అమ్మకూడదు, కోయకూడదు. కలిసొచ్చిన రాయిని కోస్తే కలిసొచ్చిందంతా కోసినట్టేనట. సరిగ్గా అప్పుడే ఇంట్లో వంటిల్లు కొత్తగా కట్టిస్తున్నారు. మా బావగారికి, అంటే మా యారాలి భర్తకు, మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆ రాయిని తెచ్చి వంటింటి గట్టు చేశారు.

దుకాణం బండ మూడడుగుల వెడల్పు ఎందుకుంటుంది? గిరాకీ చెయ్యి తక్కెడ దాకా రాకుండా ఉండడానికి. కొనేవాడు చాపినా సరుకు అందకూడదు, అదీ దాని పని. ఆ పని చేసే రాయిని తెచ్చి వంట చేసే మనిషి ముందు పెట్టారు. తరతరాలుగా వ్యాపారం చేసేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాదు ఈ తెలివి.

రాయి కింద అల్మారాలు బిగించే రోజు నాకు బాగా గుర్తు. కార్పెంటర్ తెచ్చిన చెక్క పెట్టెలు రెండడుగుల లోతువి. అతను తల గోక్కుని, "పెట్టెలు రెండడుగులు, రాయి మూడడుగులు. మిగిలిన అడుగు ఎటు దిక్కు పోనియ్యాలె సేట్?" అని అడిగాడు.

"ఎనకకు పోనియ్యి. గోడ దిక్కు ఎవరు చూస్తరు?" అన్నారు బావగారు.

మా యారాలు అప్పుడు పచ్చడికి పసుపు కలుపుతోంది. ఆ చేతులతోనే లేచి వచ్చింది. మనిషి పొట్టి, నా భుజం దాకా కూడా రాదు. రాయి అంచుకు పొట్ట ఆనించి నిటారుగా నిలబడి, చెయ్యి ముందుకు చాపింది. గోడ ఎక్కడో ఉంది. వేళ్ళు ఆగిన చోట రాయి మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పచ్చగా గీత గీసింది.

"నా చెయ్యి గిక్కడికే వస్తది. గీ గీత కాడికి కోయుండ్రి" అంది.

గదిలో ఉన్న మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు వాస్తు చూడ్డానికి వచ్చిన పెద్దాయన ఒకరు చేతులు జోడించి, "లక్ష్మి రాయికి ఇంటి కోడలు పసుపు రాసింది. శుభం" అన్నాడు. అంతే! కొబ్బరికాయ తెప్పించారు. హారతి ఇచ్చారు. ఆమె కోయమని గీసిన గీత మీద కుంకుమ బొట్లు పెట్టారు. ఆమె వైపు చూస్తే, నోరు తెరుచుకుని అలాగే నిలబడి ఉంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. నేను కొత్త కోడలిని, ఏమనాలో తెలియక నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఎంత కోపం ఉందో ఆ గట్టు దగ్గర వంట మొదలుపెట్టాక తెలిసింది.

మూడడుగుల గట్టు మీద వంట ఎలా ఉంటుందో ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు, మగవాళ్ళ కోసం చెబుతాను. కిటికీ గడియ అందదు. గోడ మీది స్విచ్చి అందదు. వెనక వరుసలో పెట్టిన డబ్బా కావాలంటే పొయ్యి మీదుగా వంగాలి, కొంగు ఒక చేత్తో పట్టుకుని మరీ వంగాలి. ఆమె ముంజేతుల మీద గిన్నె అంచులు కాల్చిన మచ్చలు ఎప్పుడూ ఒకటో రెండో పచ్చిగా ఉండేవి. అల్మారాల వెనక మిగిలిన అడుగు ఖాళీలో ఎలుకలు కాపురం పెట్టాయి. రాయి అంచు తలుపులతో సమానంగా ఉండడంతో గట్టు కడిగిన నీళ్ళన్నీ తలుపుల మీదే కారి, చెక్క పొట్లకాయలా ఉబ్బింది. అన్నిటికంటే ఎక్కువగా, ఆమె చీర. పొట్ట మీద అడ్డంగా ఒక తడి గీత, ఉదయం నుంచి రాత్రి దాకా. ఏ చీర కట్టినా అక్కడే, అదే ఎత్తులో. పెళ్ళికి బయల్దేరేటప్పుడు కూడా ఆఖరు నిమిషంలో గట్టు తుడిచి, ఆ గీతతోనే బయటికి వచ్చేది.

గట్టు వెనక భాగానికి ఆమె గోల్కొండ అని పేరు పెట్టింది. "ఉప్పు డబ్బా గోల్కొండకు పోయిందే, జర పట్టుకరా" అనేది నాతో. నేను పొడుగు కాబట్టి తెచ్చేదాన్ని. నేను ఆఫీసుకు వెళ్ళాక దుకాణం నుంచి తెప్పించుకున్న కొక్కెం కట్టెతో లాక్కునేది, పైన వేలాడే ప్యాకెట్లు తీసే కట్టె అది. బావగారు చాయ్ అడిగితే రాయి ఇవతల రెండు చేతులూ ఆనించి నిలబడి, "బోణీ గాలే సేటూ, జరాగి రాండ్రి" అని అరిచేది. హాల్లో అందరూ నవ్వేవారు. వదినకు హాస్యం ఎక్కువ అనేవారు. ఆమె హాస్యమాడలేదు. తనను వంటింట్లో కాదు, దుకాణంలో నిలబెట్టారని చెబుతోంది. ఆ ఒక్క మాటను ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగానూ చెప్పింది.

దీపావళి వస్తే చూడాలి మా ఇంట్లో లొల్లి. బావగారు స్నానం చేసి, పట్టుపంచె కట్టి, వంటింట్లోకి వచ్చి రాయికి బొట్లు పెట్టేవారు. ఆమె పక్కనే నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడేది.

"దానికి బొట్టు పెట్టుడు మంచిగనే ఉన్నది. కోయిస్తరా, లేదా?"

"పండుగ పూట అవేం మాటలే? లక్ష్మి రాయి అది."

"లక్ష్మి గాడ కూసున్నది, మీకు కలిసొచ్చింది. గీడ నేను నిలవడ్డ. నాకేం కలిసొచ్చింది, చెప్పుండ్రి?"

బావగారు వంగి తర్వాతి బొట్టు పెట్టేవారు. ఆయన చెడ్డవారు కాదు. పెళ్ళాం మీద చెయ్యెత్తలేదు, ఆమె అడిగిన చీర కాదనలేదు. ఒక్క మాట మాత్రం వినలేదు. "వింటున్న" అనేవారు, అదీ విచిత్రం. వింటున్న, వింటున్న అంటూనే బొట్లు పెట్టి వెళ్ళిపోయేవారు.

ఒకసారి బోనాల ముందు ఆమె గట్టు మీద సమ్మె ప్రకటించింది. గ్యాస్ పొయ్యి కిందికి దింపించి, అంగణంలో పీట వేసుకుని వంట మొదలుపెట్టింది. "గట్టు మీద మీ లక్ష్మినే వండుమనుండ్రి" అంది. చుట్టాలు వచ్చి చూసి, అబ్బ, పాతకాలం పద్ధతి, ఆరోగ్యానికి మంచిదని మెచ్చుకుని, పక్కన కూర్చుని ఫోటోలు దిగారు. నాకు ఆ ఫోటో ఇప్పుడు చూసినా మండుతుంది. సమ్మె చేసేదాని పక్కన నవ్వుతూ ఫోటో దిగుతారా ఎవరన్నా! కొన్నాళ్ళకు ఆమె మోకాళ్ళు పట్టేశాయి. పొయ్యి మళ్ళీ రాయి మీదికి ఎక్కింది. "అలవాటైంది లే ఆమెకు" అన్నారు ఇంట్లో.

అలవాటు కాలేదు. నాకు తెలుసు. గుడిమల్కాపూర్‌లో మా చెల్లెలు ఫ్లాట్ కొని వంటిల్లు చేయిస్తుంటే గట్టు ఎంత వెడల్పు పెట్టాలని నన్నడిగింది. నేను మా యారాలిని తీసుకువెళ్ళాను. ఆమె టేపు ముట్టుకోలేదు. మా చెల్లెలిని గోడ ముందు నిలబెట్టి, నడుము వంచకుండా చెయ్యి చాపమంది. వేళ్ళ కొసలు గోడకు తగిలిన చోట ఆపి, పొట్ట దగ్గర నేల మీద చాక్‌పీసుతో గీసింది.

"గిదే నీ గట్టు. చెయ్యి అందని చోటు నీది గాదు, బొద్దింకలది" అంది. "తలుపుల కన్న రాయి ఒక అంగులం ముంగటికి రావాలె, నీళ్ళు కిందకు గారాలె గని చెక్క మీదకు గాదు. అడుగున కాలేళ్ళు పోయేంత సందు ఇడువు, లేకుంటే నడుము గుంజుతది. ఎవడన్న వచ్చి పెద్దగుంటే అందం అంటే, వండి చూపియ్యమను వాన్ని."

గట్టు దాదాపు రెండడుగులు వచ్చింది. అది పూర్తయ్యాక మమ్మల్ని భోజనానికి పిలిచింది మా చెల్లెలు. మా యారాలు కూర్చోలేదు. నేనే చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్ళి, గట్టు ముందు నిలబడి, గోడకున్న స్విచ్చి వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. ఆటోలో తిరిగి వస్తున్నాం. పురానాపూల్ దాటాక అంది, "ఊరోళ్ళ గట్లన్ని నా మాట ఇంటున్నయి. నా గట్టొక్కటే ఇనదు." అప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. అందుకే భయం వేసింది నాకు.

ఆమెను రాయి చంపిందని నేను అనను. అనలేక కాదు, అది నిజం కాదు గనక. కానీ ఆఖరు స్నానం చేయించేటప్పుడు మా పెద్ద ఆడబిడ్డ ఆగిపోయి, "ఇదేందే?" అని నన్నడిగింది. పొట్ట మీద అడ్డంగా నల్లగా కాయకాచిన గీత. చీర మీద తడి గీత ఉండే చోటే. "గట్టు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నాకు చెప్పే ఓపిక లేదు, చెంబు తీసుకుని నేనే నీళ్ళు పోశాను.

ఇక దినం నాటి సంగతి. భోజనాలయ్యాయి. హాలు నిండా బంధువులు. మళ్ళీ అదే పాట, ఓపిక, భూదేవి, ఒక్క మాట అనలే. బావగారు గొంతు సర్దుకుని అన్నారు, "ఆమె గుర్తుకు వంటిల్లు కొత్తగ చేయిద్దామనుకుంటున్న. అల్మారాలన్ని మార్పిస్త. రాయి మాత్రం ముట్టనియ్య. ఆమె చేతులు పడ్డ రాయి అది. దాన్ని కోయొద్దు."

హాల్లో అందరూ తలలూపారు. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు.

నేను లేచాను. ఆ ఇంట్లో బావగారి ముందు నేను గొంతెత్తడం అదే మొదలు.

"ఒక్క మాట అనలేదా ఆమె?" అన్నాను. "బావా, మీరు చెప్పుండ్రి. కోయిస్తరా లేదా అని ప్రతి దీపావళికి మిమ్మల్ని అడిగింది ఎవరు? ఇన్నొద్దులు లక్ష్మి పేరు చెప్పి కోయలే. ఇప్పుడు ఆమె పేరు చెప్పి కోయరా? కోయుమన్నదే ఆమె గదా!"

"చిన్నా, కూసో" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఊకో. వదిన హాస్యానికి నవ్విండ్రు గదా అందరు. ఇప్పుడు నవ్వుండ్రి."

ఎవరూ నవ్వలేదు. నేను సరాసరి వంటింట్లోకి వెళ్ళి గట్టు మీదున్నవన్నీ తీసి కింద పెట్టడం మొదలుపెట్టాను. పొయ్యి, డబ్బాలు, గోల్కొండలో ఎన్నాళ్ళ నుంచో పడి ఉన్న ఖాళీ సీసాలు, కొక్కెం కట్టె. చప్పుడుకు బావగారు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. నాకు ఆయనకు చూపించాలన్న ఆలోచన కూడా లేదు అప్పుడు. కోపం చేతుల్లోకి వచ్చింది, అంతే. తడిగుడ్డ తీసుకుని రాయిని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క తుడుపు తుడిచాను. తడి ఆరింది.

రాయి రెండు రంగుల్లో ఉంది.

ముందు భాగమంతా వెలిసి, బూడిద రంగుకు తిరిగింది. చింతపండు పులుసులు, నిమ్మరసాలు, కొబ్బరిపీచు, సబ్బునీళ్ళు, ఇన్నేళ్ళ తోముడు. కడప బండ మెరుపు ఎక్కడికి నిలుస్తుంది? వెనక భాగం మాత్రం దుకాణం నుంచి నిన్ననే తెచ్చినట్టు నల్లగా, నిగనిగా మెరుస్తోంది. రెంటికీ మధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక గీత. ఆ రోజు ఆమె పసుపుతో గీసిన చోటే. కుంకుమ బొట్లు పెట్టిన చోటే.

"ఆమె చేతులు పడ్డ రాయి అన్నరు గదా" అన్నాను బావగారితో. "గీ గీత దాక పడ్డయి. అవతలిది మీ లక్ష్మిది."

బావగారు దగ్గరికి వచ్చి, గీత మీద వేలు పెట్టి కొంతదూరం జరిపారు. తర్వాత గోడకు ఆనుకుని ఏడ్చారు. నేను ఓదార్చలేదు. ఏడవనీ అనుకున్నాను. ఆయన ఏడవాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది.

మర్నాడు రాళ్ళు కోసే భాయ్ మిషను పట్టుకుని వచ్చాడు. బావగారు పిలిపించారో, మా ఆయన పిలిపించాడో నేను అడగలేదు. నలుగురు కలిసి రాయిని అంగణంలోకి దింపారు. భాయ్ జేబులోంచి టేపు తీసి, "కహాఁ సే కాట్నా అమ్మా? నిశాన్ లగావో" అన్నాడు. ఎక్కడ కోయాలో గుర్తు పెట్టమని.

"నిశాన్ ఉంది భాయ్, చూడు" అన్నాను. అతను వంగి చూశాడు. టేపు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

కిందికి దింపిన పొయ్యి మీద అన్నం పెట్టి ఉంది. అన్నం ఉడికేలోపు కోత అయిపోయింది. నేను ఈ మాట దగ్గరే ఆగిపోతున్నాను, రాసినప్పుడల్లా. అన్నం ఉడికేలోపు! ఇంతేనా? ఇంత చిన్న పనికా ఆ మనిషి ఇన్నేళ్ళు అరిచింది? లక్ష్మి ఎక్కడికీ పోలేదు, దుకాణంలో ఆ రోజూ బేరం బాగానే అయిందట. మిగిలిన నల్లటి ముక్కను బావగారు తీసుకువెళ్ళి గల్లా కింద పెట్టుకున్నారు. పెట్టుకోనీ. ఆమె చెయ్యి అందని రాయి అది, ఆయనకే ఉండనీ.

అల్మారాల లోతు కొంచెం కోయించి గోడకు జరిపి, రాయిని తలుపుల కంటే అంగుళం ముందుకు పెట్టి బిగించారు. అందరూ వెళ్ళాక నేను ఒక్కదాన్నే వంటింట్లో మిగిలాను. పొయ్యి గట్టు మీదికి ఎక్కించి, పప్పు పోపు వేసి, గట్టు కడిగాను. నీళ్ళు అంచు మీంచి నేరుగా నేల మీద పడ్డాయి. తుడవడానికి చెయ్యి చాపితే, నేను ఆమె కంటే పొడుగు కదా, వేళ్ళు గోడకు గట్టిగానే తగిలాయి. కిటికీ గడియ తీశాను. గోడ మీది స్విచ్చి వేశాను, తీశాను, మళ్ళీ వేశాను.

"అక్కా" అని పిలిచాను, గట్టిగానే, పాన్ డబ్బా దాకా వినపడేలా.

తర్వాత కిందికి చూసుకున్నాను. నా చీర పొడిగా ఉంది.